ఎదురు రమ్మని చెప్పు బాపూ

ఖానాపూర్

ప్రియమైన బాపుకు,

నీ బిడ్డ భవ్యశ్రీ నమస్కారాలు. మేమంతా క్షేమమని రాయబోయి ఆగాను. అవ్వ, నేను, బర్రె క్షేమం. 'అంతా' అన్న మాటలో ఒకరు తగ్గుతున్నారు. అది చివర చెబుతాను. ఫోన్లో అవ్వ పక్కనే ఉంటుంది కాబట్టి, దుబాయికి తిరిగి వెళ్తున్న లక్ష్మణ్ కాక చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

వాన పడిందా అని అడిగావు. పడింది. మక్క చేను మోకాలెత్తు వచ్చింది. టీవీలో 'కొంగల కాలనీ' కార్టూన్ బొమ్మలు చూడటం ఎందుకు మానేశావని కూడా అడిగావు. దానికి జవాబు పెద్దది.

మామ చనిపోయాక మన ఇంటికి వచ్చినప్పటి నుంచి రమ అత్త మనసారా నవ్వింది ఆ బొమ్మలు చూసినప్పుడే. అందులో చాయ్ హోటల్లో కొందరికి వేరే గ్లాసు పెడితే కొంగలన్నీ చాయ్ మానేస్తాయి. చదువు మాన్పించి పెళ్లి చేయబోతే పిల్ల కొంగ పందిరి మీది నుంచి ఎగిరిపోతుంది. "కొంగలకున్న తెలివి మనకు లేకపాయె" అనేది అత్త.

ఒక ఆదివారం భర్త చనిపోయిన కొంగ పిన్ని కథ వచ్చింది. ఎవరు వేటకు బయలుదేరినా ఆమె ఎదురు రాకూడదని పొద చాటున దాక్కుంటుంది. ఒక పిల్ల కొంగ పట్టుబట్టి ఆమెను ఎదురు రప్పించుకుని వెళ్తే, ముక్కున పట్టనంత చేప దొరుకుతుంది. కాలనీ అంతా చప్పట్లు. నేనూ కొట్టాను. అత్త మాత్రం లేచిపోయి తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

నువ్వు దుబాయి బయలుదేరే ప్రతిసారీ అత్త కొట్టంలో ఎందుకు ఉంటుందో అప్పుడు తెలిసింది బాపూ. బర్రెకు గడ్డి వేస్తుందనుకునేదాన్ని.

బాసరలో కాలేజీ సీటు కోసం పిలిచిన పొద్దున అత్త మళ్లీ కొట్టంలోకి పోయింది. నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"రా అత్తా. నువ్వు ఎదురొస్తెనే పోత."

"పిచ్చి లేసిందా కోడలా? సీటు రాకుంటే అందరు నా మొహమే తలుసుకుంటరు."

"గా పిన్ని ఎదురొస్తే చేప దొరకలేదా?"

"కొంగలకు కథ రాసెటోడు ఉన్నడు. నాకెవలున్నరు?"

నవ్వి లాక్కొచ్చాను. వాకిట్లో అవ్వ ఆడబిడ్డను చూసి తల దించుకుంది. అత్త నిండు చెంబుతో ఎదురొచ్చింది. చెంబు తొణికి నీళ్లు నా కాళ్ల మీద పడ్డాయి.

సీటు రాలేదని నీకు తెలుసు. ఎందుకు రాలేదో నాకు తెలుసు: లెక్కల్లో మార్కులు తక్కువ. కానీ పక్కింటి కిష్టవ్వ గోడ మీది నుంచే అన్నది, "బొమ్మలు సూసి పిల్ల ఆగమాయె. ముందుగాలనే సెప్పిన, ఎవలన్న ఇన్నరా?" అవ్వ అవునని అనలేదు. కాదనీ అనలేదు. అత్త ఆ మౌనాన్ని విన్నది.

ఇప్పుడు చెబుతున్నాను. అత్త మన ఇంట్లో లేదు. సంచి సర్దుకుని లక్సెట్టిపేటలో సరోజన పెద్దమ్మ దగ్గరికి పోయింది. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "చేను కాడ ఉన్నది" అన్నది అవ్వ. నేనూ అదే అన్నాను.

ఆ కథ ఇప్పుడు నాకు మింగుడు పడటం లేదు. చేప దొరికింది కాబట్టే పిన్నికి చప్పట్లు కొట్టారు. దొరకకపోతే? ఆ ప్రశ్న బొమ్మలు తీసినవాళ్లు అడగలేదు. నేనూ అడగలేదు. అందుకే మానేశాను.

నిఘంటువులో 'ఎదురు' వెతికాను. ఎదురు తిరగడం ఉంది, ఎదురు చూడటం ఉంది. పెళ్లివారిని గౌరవంగా పిలిచే ఎదురుకోళ్లలోనూ ఆ మాటే ఉంది. అత్త దగ్గరికి వచ్చేసరికే అది చెడిపోయింది.

దసరాకు వస్తున్నావు కదా. ఈసారి నిర్మల్ మీదుగా కాకుండా లక్సెట్టిపేట మీదుగా రా. బస్టాండుకు ఎదురు రమ్మని అత్తకు నువ్వే ఫోన్ చెయ్యి. నా మాట వింటే ఏమైందో చూసింది, ఇక నమ్మదు. ఆమెకు అన్నవు నువ్వు, నీ మాట వింటుంది. ఆమెను వెంటబెట్టుకుని ఇంటికి రా. దారిలో టైరు పగిలినా, సామాను పోయినా, వానలో తడిసినా, ఆమె మొహం మాత్రం తలుచుకోకు బాపూ.

ఇట్లు,
నీ కోసం, అత్త కోసం ఎదురు చూసే
నీ బిడ్డ
భవ్యశ్రీ