పన్నెండో అంతస్తు నుంచి మా గల్లీ

మంగళవారం, రాత్రి

ఈ రోజు మా వార్డు కార్పొరేటర్ పదవికి నామినేషన్ వేశాను. ఎందుకు పోటీ చేస్తున్నావని అందరూ అడిగారు. రోడ్లు, డ్రైనేజీ అన్నాను. అసలు కారణం ఇంటికొచ్చాక నా కూతురు లావణ్యకు మాత్రమే చెప్పాను.

నాలుగేళ్ల క్రితం ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనిలో ఉండగా, పన్నెండో అంతస్తులో అద్దం తుడుస్తూ కిందికి చూశాను. వాన వెలిసిన పుప్పాలగూడలో మా గల్లీ వెండి కరిగించి పోసినట్టు మెరుస్తోంది. కలలోలా చూస్తూ నిలబడిపోయాను. ఆ నీళ్లు మా ఇంట్లోకీ వచ్చాయని, లావణ్య మంచమెక్కి ఏడుస్తోందని నాకప్పుడు తెలియదు.

"గప్పుడు నేను కనవడ్డనా అమ్మా?" అని అడిగింది.

"లేదు బిడ్డా. నీళ్ల మెరుపే కనవడ్డది. అందుకే గీ ఎలక్షన్ల నిలబడ్డ."

లావణ్య "రేపు నేను గూడ వస్త, పాంప్లెట్లు పంచుత," అంది.