అత్తగారిచ్చిన కళ్ళజోడు

చిరంజీవి పండుకి అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ నాన్నా కులాసా. ఆయనకు మోకాలి నొప్పి తగ్గింది, నస మాత్రం తగ్గలేదు. అక్కడ నువ్వూ కోడలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తగారి కులాసా నేను అడగక్కర్లేదు. కూతురూ అల్లుడూ మేడ మీదే ఉన్నారు, ఆవిడకేం లోటు.

చేతిలో ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. నీ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. నేను "తిన్నావా" అని అడిగితే నీకంటే ముందు మీ అత్తగారు "తిన్నాడు వదినగారూ" అంటారు. ఏం తిన్నావో, ఎంత తిన్నావో కూడా ఆవిడే చెబుతారు. నా కొడుకు తిండి సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా? సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు. పార్సెల్లో రెండు కళ్ళజోళ్ళు ఉన్నాయి. ఈ ఉత్తరం చివరిదాకా చదివాకే వాటి జోలికి వెళ్ళు.

నువ్వు కళ్ళజోడుతో పాటు పంపిన ఉత్తరం అందింది. స్క్రూ లూజైంది బిగించమన్నావు, బిగించాను. కాడ లోపల 4 అని ఎందుకుందో చెప్పమన్నావు. మీ సోలార్ సైటులో అందరూ పోలరైజ్డ్ అద్దాలు కొనుక్కోమంటున్నారు, కొననా అని అడిగావు. మధ్యాహ్నానికి కళ్ళు మండుతున్నాయి, దుమ్మేమో అన్నావు. ఇన్ని రాసి ఆఖర్న "అత్తయ్య నా పుట్టినరోజుకి కొనిచ్చారు, భలే ఉన్నాయమ్మా" అని ముగించావు. నా కళ్ళు ఆ "భలే" దగ్గరే ఆగిపోయాయి. నువ్వు ఉద్యోగంలో చేరినప్పుడు నేను నా చేత్తో అద్దాలు అరగదీసి, రంగు వేసి, జోడు కట్టిచ్చాను. అప్పుడు "బాగుంది" అన్నావు. భలే అనలేదు. నాకు గుర్తుంది.

ఉన్నమాట చెబుతాను, నాకు కుళ్ళు పుట్టింది. నీకు ఊహ తెలియకముందు నుంచీ నేను కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో పని చేస్తున్నాను. ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నవి నేను బిగించినవే. నా కొడుక్కి ఇంకొకావిడ కళ్ళజోడు కొనిపెట్టడమా? చొక్కా కొనొచ్చుగా, చెప్పులు కొనొచ్చుగా. మీ నాన్నతో అంటే ఆయన పేపరు దించకుండానే, "నీ కోపం కళ్ళజోడు మీదా, వియ్యపురాలి మీదా?" అన్నారు. ఆయనతో ఆ పూట మాట్లాడటం మానేశాను.

మర్నాడు అందరికంటే ముందు షాపుకి వెళ్ళి ఆ జోడును యూవీ మీటరులో పెట్టాను. ఎండలో కంటికి కనబడని కిరణాలు ఉంటాయని నీకు చిన్నప్పుడే చెప్పాను. కంటిని పాడుచేసేది ప్రధానంగా అవి. అద్దం వాటిని ఆపుతోందో లేదో ఆ మీటరు చెబుతుంది. ఆపకూడదు, ఆపకూడదు అని మనసులో అనుకుంటూనే పెట్టాను. పూర్తిగా ఆపింది. మీటరు చెడిందేమోనని తుడిచి మళ్ళీ పెట్టాను. అదే మాట. కాడ మీద యూవీ400 అని, అంటే ఆ కిరణాలన్నీ ఆపుతుందని, రాసింది అబద్ధం కాదు. ఆవిడ మంచి వస్తువే కొన్నారు. నా మొహం మాడిపోయింది.

అప్పుడు ఆ 4 చూశాను. దాని పక్కన చిన్న కారు బొమ్మ, దాని మీద అడ్డంగా గీత. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ శ్రద్ధగా చదువు. ఆ అంకె అద్దం ఎంత మంచిదో చెప్పేది కాదు, ఎంత నల్లదో చెప్పేది. సున్నా నుంచి నాలుగు దాకా ఉంటాయి. సున్నా దాదాపు మామూలు అద్దమే. ఒకటీ రెండూ మబ్బు రోజులకీ, పలచటి ఎండకీ. మూడు గట్టి ఎండకి, వందలో పది పదిహేను పాళ్ళ వెలుతురు లోపలికి వదులుతుంది. నాలుగు అయితే అయిదారు పాళ్ళు వదిలితే గొప్ప. మంచు కొండల మీదా, నడిసముద్రంలోనూ వాడేది అది. నీలా పొద్దస్తమానం సోలార్ పలకల మధ్య తిరిగేవాడికి పనికొస్తుంది. కానీ దాంతో బండి నడపకూడదు, పగలైనా సరే. నువ్వు సైటుకు వెళ్ళే దారిలో కొండ కింద సొరంగం ఉంది కదా. ఎండలోంచి అందులోకి వ్యాను తిప్పిన క్షణాన నీకు ఎదుటి మనిషి కనబడడు. యూవీ సంగతి ఈ అంకెలో లేదు, అది వేరే లెక్క. తెల్లటి అద్దం కూడా యూవీని పూర్తిగా ఆపగలదు, కాటుకలాంటి అద్దం ఆపకపోవచ్చు. ఈ ముక్క గట్టిగా పట్టుకో, కింద మళ్ళీ దీనితో పని ఉంది. పోలరైజ్డ్ అనేది ఇంకో లెక్క. నేల మీంచీ, నీళ్ళ మీంచీ తిరిగొచ్చే మెరుపును అది కోస్తుంది. నీకు వద్దు. తల పక్కకి వాలిస్తే నీ మీటర్ల తెర నల్లగా కనబడుతుంది, అంకె కనబడక తప్పు రాసుకుంటావు.

ఆ కారు బొమ్మ చూసి నేను ఊరుకుంటే బాగుండేది. సైటులో అది పెట్టుకో, బండిలో తీసెయ్ అంటే సరిపోయేది. నేను అలా అనలేదు. వెంటనే నీకు ఫోను చేసి, అది కళ్ళకు ప్రమాదం, ఇక పెట్టుకోవద్దు, నేను చేసిచ్చిందే పెట్టుకో అన్నాను. ఆవిడ వినాలని కాస్త గట్టిగానే అన్నాను. ఆవిడ వెనక నుంచి, "అలాగే వదినగారూ, మీకు తెలిసినంత మాకెక్కడ తెలుస్తుంది" అన్నారు. ఆ రోజు రంగు గిన్నెల దగ్గర కూనిరాగం తీస్తూ పని చేశాను. కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి, ఏంటి ఆంటీ ఇవాళ విశేషం అని అడిగింది కూడా.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ దీని చుట్టూ తిరుగుతున్నాను.

నీకు జోడు చేసినప్పుడు ఒక అద్దం అంచు చిట్లింది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి వేశాను. మూడూ ఒకే రంగులో, ఒకేసారి ముంచినవే. ఆ చిట్లిన అద్దం నా బల్ల సొరుగులో ఉండిపోయింది. ఫోను చేసిన రెండు రోజులకు షాపు ఓనరు నా దగ్గరికి వచ్చి, మీ వియ్యపురాలి జోడు ఎలా ఉంది అని అడిగారు. ఆవిడదేముంది, నా పని చూడండి అని ఆ అద్దం తీసి మీటరులో పెట్టాను. గొప్పకు పోయి పెట్టాను నాయనా. పావు వంతు యూవీ లోపలికి వస్తోంది.

మా దగ్గర రంగు గిన్నె వేరు, యూవీ గిన్నె వేరు. రంగులో ముంచాక, ఆ కిరణాలను ఆపే యూవీ గిన్నెలోనూ ముంచాలి. నీ బస్సుకు టైమవుతోందని ఆ రోజు నేను హడావిడి పడ్డాను. నా కొడుకు ఎండలో పని చేస్తాడు, ఇంకా నల్లగా ఉండాలి, ఇంకా నల్లగా ఉండాలి అని ఉన్న టైమంతా రంగులోనే ఉంచాను. రెండోదానిలో ముంచడం మర్చిపోయాను. ఊళ్ళోవాళ్ళకు ఒక్కరికి కూడా మర్చిపోలేదు. నీకు మర్చిపోయాను. నల్లటి అద్దం వెనక కనుపాప చీకటనుకుని పెద్దదవుతుంది. అద్దం ఆపకపోతే ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. ఉత్త కళ్ళతో ఉంటే కనీసం కళ్ళు చికిలించేవాడివి. నీ కళ్ళ మంట దుమ్ము వల్ల కాదేమోనని నా భయం. పైగా సరైన జోడు ఇంటికొస్తే, దాన్ని పక్కన పెట్టించి మళ్ళీ నా జోడే పెట్టించాను. అది మర్చిపోవడం కాదు. అది కుళ్ళు.

వెంటనే నీకు ఫోను చేశాను, సైటులో సిగ్నలు లేదు. కోడలికి చేస్తే స్నానానికి వెళ్ళిందట, మీ అత్తగారు ఎత్తారు. నా జోడు కూడా తీసెయ్యమనండి, పార్సెల్ వచ్చేదాకా అంచు వెడల్పు టోపీ పెట్టుకోమనండి, వీలైనంత నీడన ఉండమనండి అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే అబద్ధమే చెప్పేదాన్ని. ఆవిడే ఇలా అన్నారు.

"ఏమీ అనుకోకండి వదినగారూ. చాన్నాళ్ళుగా అబ్బాయి సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. అందుకే షాపులో అన్నిటికంటే నల్లది ఇమ్మన్నాను. మీరిచ్చిన జోడు సరిపోవట్లేదని ఎలా అంటాను? పుట్టినరోజని చెప్పి ఇచ్చాను."

 నల్లగా ఉంటే చాలనుకోవడంలో ఆవిడా నేనూ ఒకటేనన్నమాట. కానీ నీ కళ్ళు ఎర్రబడటం ఆవిడ చూశారు, నేను చూడలేదు. ఇంత దూరం నుంచి ఎలా చూస్తానులే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, అయినా మింగుడు పడటం లేదు. పైగా నన్ను చిన్నబుచ్చకూడదని పుట్టినరోజు నెపం పెట్టారట. నా కొడుకుని ఎలాగూ దగ్గర పెట్టుకున్నారు. మంచితనంలో కూడా ఆవిడే ముందుంటే ఇక నాకు మిగిలిందేముంది? రెండు రోజుల నుంచి ఆవిడ మీద కోప్పడటానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నాను. ఏమీ దొరకటం లేదు, అందుకు ఇంకా కోపం వస్తోంది.

పార్సెల్లో నల్ల పెట్టెలో ఉన్నది ఆవిడ ఇచ్చింది. సైటులో పలకల మధ్య ఉన్నంతసేపూ అదే పెట్టుకో. గోధుమరంగు పెట్టెలోది నేను కొత్తగా చేసింది. మూడో నంబరు, బండి నడిపేటప్పుడు పెట్టుకో. రెండు గిన్నెల్లోనూ ముంచాను, మీటరులో ఓనరు చేత పెట్టించాను, నా చేతి మీద నాకే నమ్మకం లేక. పాతదాన్ని దాచుకోకు, విరిచి పారెయ్. ఈ వారంలోనే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. రెండేళ్ళుగా ఎలాంటి జోడు పెట్టుకున్నావో దాచకుండా చెప్పు. ఎవరు చేశారని అడిగితే మా అమ్మ చేసిందని చెప్పు.

ఈ ఉత్తరం మీ అత్తగారికి చదివి వినిపించు. ఆవిడ మీద నేను రాసిన మాటలు కూడా వదలకు. ఒక పని ఆవిడకు అప్పజెబుతున్నాను. రోజూ సాయంత్రం నువ్వు ఇంటికి రాగానే వెలుతురులో నిలబెట్టి, కింది రెప్ప కాస్త లాగి, ఎరుపు తగ్గిందో లేదో చూడమను. చూసి నాకు ఫోను చేసి చెప్పమను. నువ్వు చెబితే నేను నమ్మను, నాకు దిగులనిపిస్తుందని తగ్గిందనే అంటావు. ఆవిడ చూసినట్టు నువ్వు చూసుకోలేవు, నేను చూద్దామంటే అక్కడ లేను. నీ కళ్ళలోకి ఆవిడ అంత దగ్గరగా చూస్తున్నారంటే ఇక్కడ నా కడుపు మండుతుంది. మండితే మండనీ, ఒక్కరోజు కూడా మానొద్దని చెప్పు.

ఇట్లు,
నీ కళ్ళ కబురు కోసం ఎదురుచూసే
మీ అమ్మ