వెనక రెండింటికే మంచు టైర్లు

ఓస్మో బావకి,

"బండిని తోసేది వెనక చక్రాలేగా, మంచు టైర్లు వాటికి చాలు" అన్నావు. నమ్మి, ముందు రెండూ ఎండాకాలానివే ఉంచేశాను. నిన్న హిల్కాను పెళ్లికి అడుగుదామని బయల్దేరాను. బండి గుర్రంలా పరిగెత్తింది. వాళ్లింటి మలుపులో స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరిగాయి గానీ మంచులో పట్టు దొరక్క బండి తిరగలేదు. తిన్నగా పోయి వాళ్ల ఆవిరిస్నానాల గది తలుపు విరగ్గొట్టి ఆగింది. లోపల వాళ్ల నాన్న, ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చుని ఉన్నాడు.

"ఎందుకొచ్చావోయ్?"

"మీ అమ్మాయిని అడగడానికండీ."

"ముందు ఆ తలుపెయ్యి, చలి."

వెయ్యడానికి తలుపేదీ? నా కోటు విప్పి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాను. హిల్కా వచ్చి, టైర్లు చూసి, నవ్వు ఆపుకోలేక కూలబడింది. అక్కడే అడిగేశాను. సరేనంది.

ముందు చక్రాలకి రెండు మంచు టైర్లు పంపు. బండి తాళాలు మాత్రం ఆమె లాక్కుంది.

నీ బామ్మర్ది