బూడిద రంగు కింద నేను

నవంబర్ 9, ఆదివారం, వాంకూవర్

హమ్మయ్య, నా ముఖానికి ప్రాణం వచ్చింది!

నేను పనిచేసే కెఫేకి రోజూ వచ్చే మెక్సికన్ పెయింటర్ రాఫాయెల్ గారు నన్ను పాతకాలపు రాణిలా కూర్చోబెట్టి, కెఫే ఏప్రన్‌తోనే బొమ్మ వేస్తున్నారు. పోయిన వారం చూస్తే ముఖమంతా బూడిద రంగు. ఫోటో చూపిస్తే రూమ్‌మేట్ శ్రావణి, "శవంలా ఉన్నావేంటే!" అంది. నా నలుపు ఆయనకు నచ్చలేదేమోనని వారమంతా కుమిలిపోయాను. అడగడానికి నోరు రాలేదు.

ఈరోజు ఆ బూడిద మీదే పల్చగా ఎర్రమట్టి రంగు పూశారు, పొర మీద పొర. పాత పద్ధతిలో ముందు వెలుగునీడలు వేసుకుని, రంగు తర్వాత వేస్తారట. చూస్తుండగానే ఆ చెంపలు నావయ్యాయి.

అయినా ఆయనకు తృప్తి లేదు. "ఇంకా నలుపు రావాలి. వచ్చే ఆదివారం కూడా కూర్చోవాలి" అన్నారు.

చిన్నప్పటి నుంచీ ఎన్ని ఫోటో స్టూడియోల్లో కూర్చున్నానో! ఒక్కరూ ఈ మాట అనలేదు.