రెండు ముడుల దారం

చిట్టితల్లికి,

నాన్న మనసారా దీవించి రాయునది. ప్రభువు కృప వల్ల ఇక్కడ నేను క్షేమం, నా మోకాళ్లు సగం క్షేమం, చూరు కింద కాపురం పెట్టిన పిచ్చుకలు పూర్తిగా క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, నా మనవరాలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. ఆలస్యమైందని కోపం తెచ్చుకోకు. నాలుగుసార్లు మొదలుపెట్టాను, నాలుగుసార్లూ చింపేశాను. రైలు పెట్టెలో అరవై మంది ముందు తడుముకోకుండా మాట్లాడిన నోరు నాది. ఒక్క కూతురి ముందు కలం కదలక కూర్చున్నాను. ఎందుకో చెబుతాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

వంట నేనే చేసుకుంటున్నాను. ఉప్పు వేశానో లేదో గుర్తుండక రెండోసారి వేస్తున్నాను. వంటింటి మూల ఇంకా కారుతోంది, కింద గిన్నె పెట్టాను. నువ్వు పంపిన పట్టీ మోకాలికి కట్టుకుంటున్నాను, వదులు కాలేదు. ఇంకా బోధ చెబుతున్నావా అని అడిగావు. ఆదివారం వీధి చివరి గదిలో పదకొండు మంది చేరతారు. మొన్న బోధ అయ్యాక పక్కింటి దర్జీ నా చెయ్యి పట్టుకుని, "ఏమిటి అయ్యగారూ, ఈమధ్య నరకంలో మంట తగ్గించేశారు? అసలే చలిరోజులు, కాస్త పెంచండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ తల్లీ, ఆ మంట ఎదుటివాళ్ల కోసం రాజేసినంత కాలం బాగానే రాజుకుంది. నీ ఉత్తరం వచ్చాక అది నావైపు తిరిగింది.

ఇక అసలు సంగతి. నీళ్లు శుద్ధి చేసే ఆ పెద్ద కర్మాగారంలో నిన్ను పరీక్షల గదికి పెద్దగా రమ్మన్నారు. నీ చదువుకు తగిన కుర్చీ. నా కడుపు నిండింది. కానీ పోను రెండు గంటలు, రాను రెండు గంటలు, మధ్యలో బస్సు మారాలి. పాపకు నాలుగేళ్లు. అల్లుడుగారి పని వల్ల ఇల్లు మారడానికి లేదు, ఆయన 'నీ ఇష్టం' అని ఊరుకున్నారు. నెలాఖరులోగా నువ్వు ఏదో ఒకటి చెప్పాలి.

"ఇరవై ఏడేళ్లు రోజుకు ఐదు గంటలు రైల్లో కూర్చున్నవాడివి. నువ్వే చెప్పు నాన్నా, ఆ తిరుగుడుకు ఫలితం దక్కిందా? నాకేమీ తోచడం లేదు. గ్రంథం తెరిచి నా కోసం చూడు. ఏ మాట వస్తే అదే చేస్తాను" అని రాశావు.

ఆ చివరి మాట దగ్గరే నా కలం ఆగిపోయింది.

మన ఇంటి పద్ధతి నీకు తెలిసిందే. పెద్ద సంగతి ఏది వచ్చినా ప్రార్థించి, కళ్లు మూసుకుని, గూట్లోని పెద్ద గ్రంథం తెరిచి వేలు పెట్టడం. వేలి కింద ఏ మాట వస్తే అదే పైనుంచి వచ్చిన జవాబు. నువ్వు ఏ బడికి పోవాలో అలాగే తేలింది. కుట్టుమిషను కొనాలా వద్దా అన్నదీ అలాగే తేలింది. కానీ ఒక్కసారి గుర్తు చేసుకో, నువ్వు రెండో తరగతి దాటాక నేనెప్పుడైనా ఆ గ్రంథాన్ని అలా తెరిచానా? ఎవరైనా అడిగితే "ప్రభువును ఊరికే పరీక్షించకూడదు" అని గద్దించేవాణ్ణి. అది భక్తి అనుకున్నారు అందరూ. అది భయం.

మొదట రైలు సంగతి నిజాయితీగా చెబుతాను. నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణి. ఆస్పత్రిలో బట్టలుతికే విభాగంలో పని దొరికేనాటికి సంతకం తప్ప ఏదీ సరిగా రాయలేను. ఆ రైలు నాలుగో పెట్టెలో, కిటికీ పక్కన, చిన్న గ్రంథం ఒళ్లో పెట్టుకుని, వేలితో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మొదటి రెండేళ్లూ నాకోసం చదువుకున్నాను. తర్వాత ఎదుటి సీటు కూరగాయల ఆవిడ, "కాస్త పైకి చదువు నాయనా, నాకూ వినబడుతుంది" అంది. పైకి చదివాను. ఏడాది తిరిగేసరికి లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. పేకాటవాళ్లు వేరే పెట్టెకు మారిపోయారు. వాళ్లలో ఒక గుమాస్తా పోతూ పోతూ, "మైకు గారూ, ఇంటికెళ్లాక కూడా చెవిలో మీరే మోగుతున్నారు. మా ఆవిడ ఏమన్నా ఆమేన్ అనేస్తున్నాను, అదొక్కటే లాభం" అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు మైకు.

ఆస్పత్రిలో నేనెవర్ని? రోగుల దుప్పట్లు ఆవిరి యంత్రం కింద పెట్టి ముడతలు తీసి మడత వేసేవాణ్ణి. "ఒరే ఆవిరీ, ఆ మూట ఇటు తే" అనేవారు. నాలుగో పెట్టె ఎక్కగానే "అయ్యగారూ, ఇటు రండి, మీకు చోటు ఆపాం" అనేవారు. పోను ఒకసారి, రాను ఒకసారి, రోజుకు రెండుసార్లు నేను మనిషినయ్యేవాణ్ణి. నా పాపం విత్తనం అక్కడుంది.

నువ్వు ఒకటో తరగతిలో ఉండగా ఇంట్లోవాళ్ల బొమ్మలు గీసుకురమ్మన్నారు. అమ్మను నవ్వుతున్నట్టు గీశావు. నిన్ను రెండు జడలతో గీసుకున్నావు. నాకు మాత్రం ముఖం లేదు. వీపు, భుజాన సంచి, గుమ్మం. "నాన్న ముఖమేదే?" అని అమ్మ అడిగితే, "నాన్న ఇలాగే ఉంటాడుగా" అన్నావు. నేను పెద్దగా నవ్వి పెట్టెలో అందరికీ ఆ బొమ్మ చూపించాను. సేవకుడి బిడ్డ చూపు ఎంత నిజమో చూడండి అని దానిమీద ఒక బోధ కూడా చెప్పాను. నవ్వొస్తోందా? నాకిప్పుడు రావడం లేదు.

తర్వాతి ఏడాదే అది జరిగింది. ఆస్పత్రి వెనక, బట్టలు ఆరేసే ఆవరణ పక్కన, పనివాళ్ల ఇళ్లలో ఒకటి ఖాళీ అయింది. రెండు గదులు. మా మేస్త్రీ నన్ను పిలిచి, "ఏమోయ్ ఆవిరీ, నీ వంతు వచ్చింది. పెళ్లాం బిడ్డల్ని తెచ్చుకో. రైలుకు నువ్వంటే ఇష్టమేమో గానీ, ఇంట్లోవాళ్లకు ఇంకాస్త ఇష్టం ఉంటుంది" అన్నాడు. మీ అమ్మను తీసుకెళ్లి చూపించాను. నువ్వు ఆ రోజు బడిలో ఉన్నావు. మీ అమ్మ గదుల్లో అటూ ఇటూ నడిచి, కిటికీ దగ్గర ఆగింది. బయట దండేల మీద తెల్లటి దుప్పట్లు. సంచిలోంచి కుట్టుదారం తీసి కిటికీ వెడల్పు కొలిచి ఒక ముడి వేసింది. మళ్లీ మొదటి కొసనుంచే ఎత్తు కొలిచి రెండో ముడి వేసింది.

"ఇప్పుడే తెరకు కొలతలా?" అన్నాను.

"మళ్లీ అంత దూరం రైలెక్కి రావాలిగా, ఒక్కసారికే నా నడుం పడిపోయింది. మీకెలా ఉంటుందో రోజూ!" అంది. నాకేమీ అనిపించదని చెప్పలేకపోయాను.

ఆ ఇల్లు మనకు దక్కలేదని, వేరేవాళ్లకు ఇచ్చేశారని నీకు చెప్పాం. అది అబద్ధం, తల్లీ. నేనే వద్దన్నాను.

ఎలా వద్దన్నానో విను. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం మీ అమ్మే అడిగింది, గ్రంథం తెరవండి అని. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కళ్లు మూసుకున్నాం. తెరిచి వేలు పెట్టాను. ఎవరెవరు ఎక్కడెక్కడ ఇళ్లు కట్టుకుని తమ వాళ్లతో కాపురమున్నారో వరసగా చెప్పే పేజీ వచ్చింది. ఇంకేం కావాలి? కానీ నా కళ్లముందు నాలుగో పెట్టె కనబడింది, నాకోసం ఆపిన చోటు కనబడింది. గభాలున మూసేశాను. ఆ తొందరలో పేజీ మూల మడత పడింది. మళ్లీ తెరిచాను. తన ఇంటివాళ్లను చూసుకోనివాణ్ణి గద్దించే మాట వచ్చింది. మళ్లీ మూశాను. మూడోసారి తెరిచాను. ఉన్న చోటు విడిచి లేచి బయల్దేరమన్న మాట వచ్చింది. అక్కడ ఆగాను.

మీ అమ్మకు చదువు రాదు. "ఏమొచ్చింది?" అంది.

"ప్రయాణం చెయ్యమని వచ్చింది. ఈ రైలే ప్రభువు నాకిచ్చిన పొలం. దీన్ని వదలకూడదు" అని గొంతు పెంచి చెప్పాను.

కాసేపు నావైపు చూసింది. "సరే. ఆయనే చెప్పాక ఇంకేముంది" అని లేచి, పొద్దున కోసిన తెరగుడ్డను మడిచి లోపల పెట్టేసింది. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆ గుడ్డతోనే నీకు రెండు గౌన్లు కుట్టింది. నీలం మీద చిన్న చుక్కలవి, నీకు గుర్తుండే ఉంటాయి.

అబద్ధానికి నా నోరు వాడుకున్నా పోనీ అనుకునేవాణ్ణి. దేవుడి నోరు వాడుకున్నాను.

మూడేళ్ల కిందటి ఆ మంగళవారం నీకు తెలిసిందే, కానీ సగమే తెలుసు. తెల్లవారే మీ అమ్మ గుండెల మీద బరువుగా ఉందంది. నేను ఆగబోతే, "వెళ్లండి, బండి పోతుంది, మీకోసం చూస్తుంటారు" అని తనే సంచి అందించింది. నేను ఆగలేదు. ఆ రోజు పెట్టెలో ఓర్పు మీద చెప్పాను. పదిన్నరకు దర్జీ ఫోను చేశాడు. మా ఆస్పత్రికే తెస్తున్నామన్నాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. రెండు గంటలు. లోపల వైద్యులున్నారు, మందులున్నాయి, మంచాలున్నాయి. ఆ ఇంటి కిటికీ నేను నిలబడ్డ చోటికి నూరడుగులు ఉండదు. అక్కడ ఇంకెవరిదో తెర వేలాడుతోంది. అన్నేళ్లు నేను రోజూ దాటిన దూరాన్ని మీ అమ్మ ఆ రోజు ఒక్కసారి దాటాల్సి వచ్చింది. దాటలేకపోయింది. తనమీద కప్పిన దుప్పటి మడతలు చూశాను. అవి నా యంత్రం మడతలే.

నువ్వు వచ్చాక ఏడుస్తూ అడిగావు, "మనం ఆస్పత్రి దగ్గరుంటే అమ్మ బతికేది కదా నాన్నా?" అని. నేను పదిమందిలో చెయ్యెత్తి "ప్రభువు చిత్తం!" అన్నాను. రెండోసారి ఆయన నోరు వాడుకున్నాను.

పని నుంచి విరమించాక కూడా నెల రోజులు పాసు కొని ఆ రైలెక్కాను. అక్కడ దిగి, బల్లమీద కూర్చుని, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాణ్ణి. అప్పటికి కూరగాయల ఆవిడ లేదు. కుర్రకారంతా చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చున్నారు. నా చోటు ఎవరూ ఆపలేదు. మానేసిన రోజు ఎందుకు రాలేదని అడిగినవాళ్లూ లేరు. అదమ్మా నా పొలం, అదమ్మా నా పంట.

నీ ఉత్తరం చదివిన సాయంత్రం, ఇన్నేళ్ల తర్వాత గూట్లోంచి పెద్ద గ్రంథం దించాను. నా బిడ్డ అడిగింది కదా, ఈసారైనా ఒక్కసారే తెరుద్దాం, వచ్చింది వచ్చినట్టు రాసేద్దాం అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను. అది నా చెయ్యి తగలగానే దానంతటదే తెరుచుకుంది. వేలికి ఏదో మెత్తగా తగిలింది. చూస్తే దారం. రెండు ముడుల దారం. కిందనున్న పేజీ మూల మడతపడి ఉంది, ఆనాడు నేను మొదట మూసేసిన పేజీ.

అంటే మీ అమ్మ చూసింది. ఎదురుగా కూర్చుని, కళ్లు తెరిచి, మూడుసార్లూ చూసింది. ఏ పేజీ నేను మూసేశానో గుర్తుపెట్టుకుంది. అందులో ఏముందో చదవలేదు, కానీ నా ముఖం చదివింది. తర్వాత పద్దెనిమిదేళ్లు పొద్దున్నే నాకు సంచి అందించింది. ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదో నాకు తెలియదు. జాలిపడిందా, విసిగిపోయిందా, నా అంతట నేను తెరిచేదాకా ఆగుదామనుకుందా? అడగడానికి మనిషి లేదు.

కాబట్టి, తల్లీ, నీ కోసం గ్రంథం తెరవను. దాన్ని మళ్లీ గూట్లో పెట్టేశాను.

నీ ప్రశ్నకు నా సొంత నోటితో జవాబు చెబుతాను. బోధలో లాగా మూడు అంశాలు లేకుండా మీ నాన్న మంచినీళ్లు కూడా అడగలేడని అమ్మ అనేది. ఈసారి ఒక్కటే ఉంది. దూరం దానంతటది పాపం కాదు. ఆ రైలు వల్లే నీకు చదువు వచ్చింది, నాకు అక్షరం వచ్చింది. ఆడదానివి ఇంట్లో కూర్చో అని నేను అనను, ఆ మాట అనడానికి ముందు నేను ఒక్క రోజైనా ఇంట్లో కూర్చుని ఉండాల్సింది. ఆ పని నీకు కావాలంటే, నాకు కావాలి అని అల్లుడుగారితో చెప్పు, పాపతో కూడా చెప్పు. వద్దంటే, నాకు వద్దు అని చెప్పు. మధ్యలో దేవుణ్ణీ, బస్సునూ, నన్నూ నిలబెట్టకు. ఇంటికి రావడం కన్నా దారి తియ్యగా అనిపించిన రోజు మాత్రం ఉలిక్కిపడు. నేను పడలేదు.

పాపను చూసుకోవడానికి రమ్మంటే సంచి సర్దుకుని వస్తాను. ఇది చదివాక నన్ను పిలవాలనిపించకపోతే అదీ న్యాయమే, తప్పు పట్టను. అల్లుడుగారికి నా దీవెనలు చెప్పు. పాపకు నా బదులు ఒక ముద్దు.

దారం ఈ కాగితం మడతలో పెట్టాను, విప్పేటప్పుడు జారిపోకుండా చూసుకో. అది నీ దగ్గరే ఉంచు. నా దగ్గరుంటే ఏదో ఒక ఆదివారం లేచి దానిమీద కూడా బోధ చెప్పేస్తాను.

ఇట్లు,
నువ్వు వీపు గీసిన మీ నాన్న