తాడు బస్సు

శ్రీవారికి,

ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ ఓడ ఏ రేవులో ఉండగా ఈ ఉత్తరం అందినా, నిలబడి చదవకండి. ఎక్కడైనా కూర్చుని చదవండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు. పాపకి ఆయాసం బాగా తగ్గింది. ఇన్‌హేలర్ దుమ్ము పట్టిపోతోంది. "పొగ తగ్గింది, నడక పెరిగింది. ఇందులో నా మందు గొప్పేం లేదమ్మా" అన్నారు డాక్టరు గారు. నా బీపీ కూడా దిగింది. బడి వేళకి మన వీధిలో కార్లు ఆపేసి, పిల్లలందరి చేతా ఒకే తాడు పట్టించి నడిపించుకెళ్తున్నామని రాశాను కదా. దాన్ని వాళ్లు తాడు బస్సు అంటారు. పట్టుకోవడానికి గుడ్డ పట్టీలు నేనే మిషను మీద కుట్టాను. ముందు ఈల వేసుకుంటూ నేను, చివర మన పాప.

ఇది అందరికీ నచ్చిందనుకోకండి. "వీధి నీ అబ్బ సొమ్మా?" అని ఒకడు మొహం మీదే అరిచాడు. ఇంకొకడు మేం అడ్డం పెట్టిన బల్లని కారుతో గుద్ది ముక్కలు చేసి పోయాడు. మన కిటికీ మీద రాయి పడితే మిషను నిండా గాజు పెంకులే. నేనూ తక్కువేం తినలేదు. వాళ్లు ఒకటంటే నాలుగన్నాను.

ఇక మీ తమ్ముడి సంగతి. మెట్ల మీద పడి ముక్కు పగిలిందని మీకు రాశాడట. "ఏదో చిన్న గొడవ, పోలీసు ఫిర్యాదు వెనక్కి తీసుకో" అని మీరు నాకు రాశారు. ఆ ముక్కు మెట్ల మీద పగల్లేదండీ. నేను పగలగొట్టాను.

అతని ఇల్లు మన వీధి చివర కాబట్టి ఆఫీసుకి ఇదే దారి. బస్సెక్కినా చేరే ఆఫీసే, కానీ కారు దిగితే పరువు పోతుంది మహానుభావుడికి. ఆ రోజు ఆలస్యమైందని కారు మా వరస మీదకే తెచ్చాడు. బెదిరిద్దామనే తప్ప చంపుదామని కాదు, అది ఒప్పుకుంటాను. "జరుగు వదినా!" అంటూ బంపరుతో తాడుని నెట్టాడు. తాడు చక్రానికి చుట్టుకుంది. "వదిలేయండి!" అని గొంతు చించుకుని అరిచాను. పిల్లలంతా వదిలేశారు. మన పాప వదల్లేదు. ఏం జరిగినా తాడు వదలకూడదని రోజూ దానికి నూరిపోసింది నేనే. కారు దాన్ని ఈడ్చుకుపోయింది. మోచెయ్యి విరిగిన చప్పుడు నాకు వినపడింది. పాప తన చేత్తో రెండు ముక్కలైనా ఎందుకు రాయలేదని అడిగారు కదా. కుడిచేతికి కట్టు ఉంది.

తర్వాత నాకు ఒళ్లు తెలియలేదు. రోడ్డుకి అడ్డం పెట్టే ఇనప గొట్టంతో కారు అద్దం పగలగొట్టాను. చొక్కా పట్టుకుని బయటికి లాగి ముక్కు మీద గుద్దాను. కింద పడ్డాక కాళ్లతో తన్నాను. గొట్టం అతని తల మీదకి ఎత్తాను. చంపేసేదాన్నే. "అమ్మా, బాబాయిని కొట్టకు, తాడు వదిలేస్తాలే!" అని పాప రోడ్డు మీద పడి ఏడ్చింది. అప్పుడు ఆగింది నా చెయ్యి.

ఫిర్యాదు వెనక్కి తీసుకోను. మీరు చెప్పినా తీసుకోను. నేను కొట్టిన సంగతి కూడా పోలీసులకి చెప్పేశాను, ఏ శిక్ష వేస్తారో వేయనివ్వండి. తాడు బస్సు ఆగలేదు. ఈల ఇప్పుడు పక్కింటి పిన్నిగారు వేస్తున్నారు.

మీకు చెప్పడానికి నోరు రానిది ఇదేమీ కాదు. పాప కార్లని చూసి భయపడటం లేదు. నిన్న తల దువ్వుదామని దువ్వెన పట్టుకుని చెయ్యి ఎత్తాను. ఎడంచేత్తో మొహం కప్పుకుని గోడకి అతుక్కుపోయింది. దువ్వెన కింద పెట్టేశాను.

ఎలాగైనా సెలవు పెట్టి రండి. కొన్నాళ్లు దానికి జడ మీరు వెయ్యండి.

ఇట్లు,
పాప వాళ్ల అమ్మ