ఏ వరస పెట్టి పిలవను?

విజయమ్మ గారికి మార్కాపురం నుంచి వందనాలు.

మిమ్మల్ని ఏ వరస పెట్టి పిలవాలో తెలియక పేరుతోనే మొదలుపెట్టాను. నా కొడుకు వదిలేసిన రెబెకా ఇప్పుడు మీ ఇంటి కోడలు. ఒకే పిల్లకు అత్తలమైన మనిద్దరం ఏమవుతామో నాకెవరూ చెప్పలేదు.

మొన్న గిద్దలూరులో నా మనవరాలు షారోను పుట్టినరోజు ప్రార్థనకు రెబెకా పిలిస్తే వచ్చి, వెనక చాప మీద కూర్చున్నాను. పాస్టరు గారు "పాప నాయనమ్మ వచ్చి తలమీద చెయ్యి పెట్టండి" అనగానే అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాను. చూస్తే ముందర మీరూ లేచి ఉన్నారు. అందరూ నావంకే చూశారు. కొంగు సర్దుకుంటూ అక్కడే ఉండిపోయాను.

మీరు కసురుతారనుకున్నాను.

"ఏంది చెల్లే, అట్ల నిలబడిపోయినావు? రా, ఇద్దరం పెడదాం" అన్నారు.

బిడ్డ తలమీద నా చెయ్యి, దాని మీద మీ చెయ్యి. కన్నతండ్రే మూడేళ్లుగా ఆ బిడ్డ మొహం చూడలేదు. మీరెవరమ్మా, నన్ను రమ్మనడానికి? అన్నం కూడా ముట్టకుండా బస్సెక్కేశాను.

కోపంతో కాదు. మీరు నోరారా పిలిస్తే పలకకుండా వచ్చేశాను, అది తప్పు. ఇప్పుడు పలుకుతున్నాను, అక్కా.